ఒకటే పవర్ కోడ్ ఉన్న కేబుల్ బాక్స్: మాక్రో నొక్కితే మిగతావన్నీ ఆన్, ఇది మాత్రం ఆఫ్. దారి ఏమిటి?

తెరవెలుగు:

అందరికీ నమస్కారం. మా హోమ్ థియేటర్‌కి ప్రోగ్రామ్ చేసుకునే రిమోట్ ఒకటి పెట్టుకున్నాం. ప్రొజెక్టర్, ఏవీ రిసీవర్, బ్లూరే ప్లేయర్, కేబుల్ బాక్స్, నాలుగూ దాని మీదే నడవాలి. పరికరాలన్నీ తలుపులున్న క్యాబినెట్‌లో ఉన్నాయి, ఒక్కోదాని ముందు ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించని కాంతి) కోడ్‌లు పంపే చిన్న ఎమిటర్ అంటించి ఉంది. ప్రొజెక్టర్‌కీ రిసీవర్‌కీ ఆన్ కోడ్ వేరు, ఆఫ్ కోడ్ వేరు కాబట్టి వాటితో ఏ పేచీ లేదు. మాక్రో (ఒక్క బటన్‌తో వరసగా చాలా కోడ్‌లు పంపే ఏర్పాటు) ఎన్నిసార్లు నొక్కినా ఆన్ అంటే ఆన్‌లోనే ఉంటాయి.

గొడవంతా కేబుల్ బాక్స్‌తోనే. దానికి పవర్ అని ఒకే కోడ్. ఆన్‌లో ఉంటే ఆఫ్ చేస్తుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేస్తుంది. "టీవీ చూడు" అనే మాక్రోలో ఆ పవర్ కోడ్ పెట్టాను, "అన్నీ ఆఫ్"లో కూడా అదే పెట్టాను. అంతా సరిగ్గా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది కానీ మధ్యలో ఎవరైనా బాక్స్‌తో వచ్చిన అసలు రిమోట్ వాడితేనో, కరెంట్ పోయి వస్తేనో, లేదా మాక్రో నడుస్తుండగా ఒక్క కోడ్ బాక్స్‌కి అందకపోతేనో ఇక అక్కడి నుంచి అన్నీ తారుమారే. మిగతావన్నీ వెలుగుతాయి, బాక్స్ ఆరిపోతుంది. రాత్రి అన్నీ ఆపేసి పడుకుంటే బాక్స్ ఒక్కటే తెల్లవార్లూ నడుస్తూ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు క్యాబినెట్ తలుపు తీసి బాక్స్ బటన్ నొక్కాల్సి వస్తోంది, అప్పుడు ఇంత ఖర్చుపెట్టి ఒకే రిమోట్ పెట్టుకున్న ప్రయోజనమేముంది?

ఆన్‌కీ ఆఫ్‌కీ వేర్వేరు కోడ్‌లు ఈ మోడల్‌కి ఎక్కడైనా ఉన్నాయేమో అని కోడ్ జాబితాలన్నీ చూశాను, దొరకలేదు. స్మార్ట్ ప్లగ్ పెట్టి కరెంటే ఆపేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచిస్తున్నాను. బాక్స్‌లో రికార్డింగ్ ఉంది, అది పోకూడదు. ఇలాంటి బాక్స్‌ని నమ్మకంగా నడిపిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో వివరంగా చెప్పండి, కొంచెం పొడుగైనా ఫర్వాలేదు.

---

ఐఆర్_సాధకుడు:

అన్నా, ముందు ఒక మాట. ఐఆర్ అనేది ఒకవైపు దారి. రిమోట్ కోడ్ పంపుతుంది, బాక్స్ వింటుంది, అంతే. "అందింది, ఇప్పుడు నేను ఆన్‌లో ఉన్నాను" అని బాక్స్ తిరిగి చెప్పే మార్గం అందులో లేదు. మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి ఉండే స్విచ్‌ల లాంటిదే ఈ టాగిల్ పవర్ (ఒకే కోడ్‌తో ఆన్, ఆఫ్ రెండూ చేసేది), స్విచ్ ఎటు ఉందో చూసి లైటు వెలుగుతోందో లేదో చెప్పలేం. లాజిటెక్ హార్మొనీ లాంటి రిమోట్లు కూడా బాక్స్ ఏ స్థితిలో ఉందో నిజంగా చూసేవి కావు, తాము చివరగా ఏం పంపాయో గుర్తుపెట్టుకుని దాని మీద లెక్క వేసేవి. లెక్క తప్పినప్పుడు హెల్ప్ బటన్ నొక్కితే "ఫలానాది ఆన్ అయిందా?" అని మనల్నే అడిగేవి. కాబట్టి రిమోట్ గుర్తుపెట్టుకుంటుందిలే అన్న ధీమాతో మాక్రో రాయకండి. బాక్స్ ఏ స్థితిలో ఉన్నా మాక్రో చివరికి ఒకే చోటికి చేరాలి, అలా రాస్తేనే అది నిలబడుతుంది.

మీ బాక్స్‌కి వేర్వేరు కోడ్‌లు లేకపోయినా చాలా బాక్సుల్లో ఇంకో దారి ఉంటుంది. పవర్ కాకుండా వేరే ఏదో ఒక బటన్ బాక్స్‌ని నిద్ర లేపుతుంది, కానీ ఎప్పుడూ నిద్రపుచ్చదు. ఆ బటన్ మీ చేతికి దొరికితే మీ సమస్యలో ముప్పావు వంతు తీరినట్టే.

ఎలా వెతకాలంటే, అసలు రిమోట్ తీసుకుని బాక్స్‌ని ఆఫ్ చేయండి. ఒక నిమిషం ఆగండి, కొన్ని బాక్సులు పూర్తిగా పడుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటాయి. తర్వాత ఒక్కో బటన్ నొక్కి చూడండి: ఎగ్జిట్, ఓకే, గైడ్, ఇన్ఫో, మెనూ, చానల్ ప్లస్, అంకెలు. ఒక్కోటి నొక్కాక అయిదారు సెకన్లు ఆగి చూడాలి, గబగబా అన్నీ నొక్కేస్తే దేనికి లేచిందో తెలియదు. ఏదీ పనిచేయకపోతే బాక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. చానల్ బటన్లతో ఆన్ కావాలా వద్దా అని అడిగే ఆప్షన్ చాలా బాక్సుల్లో ఉంటుంది, పాత మోటరోలా, సైంటిఫిక్ అట్లాంటా బాక్సుల్లో కూడా ఉండేది. అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించండి.

ఒకటి కంటే ఎక్కువ బటన్లు లేపుతుంటే ఎగ్జిట్‌ని ఎంచుకోండి. బాక్స్ అప్పటికే ఆన్‌లో ఉంటే ఎగ్జిట్ వల్ల తెర మీద ఏమీ మారదు. గైడ్, మెనూ అయితే తెర మీద పరుచుకుంటాయి, చానల్ ప్లస్ అయితే చూస్తున్న చానల్ మారిపోతుంది. అంకె మాత్రమే పనిచేస్తే సున్నా వాడి వెనకాలే ఎగ్జిట్ పంపండి.

ఇప్పుడు మాక్రోలు. "టీవీ చూడు"లో పవర్ కోడ్ తీసేసి ఆ లేపే బటన్ పెట్టండి. బాక్స్ నిద్రలో ఉంటే లేస్తుంది, మేలుకుని ఉంటే పట్టించుకోదు. "అన్నీ ఆఫ్"లో ముందు లేపే బటన్, తర్వాత విరామం, ఆ తర్వాత పవర్. వినడానికి వింతగా ఉంటుంది, ఆపడానికి ముందు ఆన్ చేయడమేమిటి అని. కానీ లేపే బటన్ పడ్డాక బాక్స్ ఖచ్చితంగా ఆన్‌లోనే ఉంటుంది, అప్పుడు పవర్ నొక్కితే అది ఆఫ్ కావడం తప్ప ఇంకేమీ జరగదు. అంతకుముందు ఎవరు ఏ రిమోట్‌తో ఏం చేశారన్నది ఇక అనవసరం.

అసలు మెళకువ ఆ విరామంలో ఉంది. నిద్ర లేచే బాక్స్ కొన్ని సెకన్లు ఏ కోడ్‌నీ వినదు. మీరు అర సెకను ఆగి పవర్ పంపితే అది గాల్లో కలిసిపోతుంది, బాక్స్ ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకే బాక్స్‌ని చేత్తో లేపి, ఎన్ని సెకన్ల తర్వాత రిమోట్‌కి పలుకుతోందో గడియారం పెట్టి చూడండి, దాని మీద ఇంకో రెండు సెకన్లు కలపండి. ఆఫ్ మాక్రో నాలుగు సెకన్లు ఎక్కువ నడిచినా నష్టం లేదు, ఆ సమయంలో ప్రొజెక్టర్, రిసీవర్ ఆఫ్ కోడ్‌లు పంపేలా మధ్యలో ఇరికిస్తే వృథా కూడా కాదు.

---

నిదానం:

పైన చెప్పింది మంచి పద్ధతే, కాదనను. కానీ నా అభిప్రాయం వేరు. రికార్డింగ్ ఉన్న బాక్స్‌ని అసలు ఆఫ్ చేయకండి. మాక్రోల్లోంచి పవర్ కోడ్‌ని రెండు చోట్లా తీసేయండి, బాక్స్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండనివ్వండి. "అన్నీ ఆఫ్" అంటే ప్రొజెక్టర్, రిసీవర్, ప్లేయర్ ఆగితే చాలు. బాక్స్ ఆన్‌లో ఉందని మనకి కనిపించేది తెర మీదే కదా, తెర ఆరిపోయాక బాక్స్ ఏం చేస్తుంటే ఏమిటి?

కరెంట్ సంగతి అంటారా, పాత రికార్డింగ్ బాక్సుల్లో పవర్ బటన్ నొక్కితే జరిగేది చాలావరకు వీడియో అవుట్‌పుట్ ఆగిపోవడం, ముందున్న దీపం మారడం, అంతే. లోపల హార్డ్ డిస్క్ తిరుగుతూనే ఉంటుంది, ట్యూనర్ పనిచేస్తూనే ఉంటుంది. అమెరికాలో నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ అనే సంస్థ 2011లో ఈ విషయం మీదే నివేదిక ఇచ్చింది. 2010లో ఆ దేశంలోని సెట్‌టాప్ బాక్సులన్నీ కలిపి సుమారు 2,700 కోట్ల యూనిట్లు ఖర్చుచేశాయని, అందులో మూడింట రెండు వంతులు ఎవరూ చూడని, రికార్డ్ చేయని సమయంలోనే పోయిందని అందులో ఉంది. అంటే పవర్ బటన్ నొక్కి ఆదా చేశామన్నది చాలా బాక్సుల్లో మన భ్రమే. కొత్త బాక్సుల్లో లోతైన నిద్ర ఉంటుంది, అది నిజంగానే కరెంట్ ఆదా చేస్తుంది, కానీ దాన్నుంచి లేవడానికి పట్టే టైమ్ కూడా ఎక్కువ. మీ బాక్స్ ఏ రకమో తెలుసుకోవాలంటే ప్లగ్ దగ్గర పెట్టే చిన్న వాట్ మీటర్‌తో ఆన్‌లో ఎంత, ఆఫ్‌లో ఎంత అని చూడండి. తేడా రెండు మూడు వాట్లే అయితే ఇంత కష్టపడి ఆపడం దండగ.

ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే మాత్రం రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, సెట్టింగ్స్‌లో ఆటో స్టాండ్‌బై ఉంటుంది, కొన్ని గంటలపాటు ఏ బటనూ నొక్కకపోతే బాక్స్ తనంతట తానే పడుకుంటుంది, దాన్ని ఆపేయాలి. రెండోది వేడి. మీది తలుపులున్న క్యాబినెట్ అన్నారు. బాక్స్ మీద ఇంకేమీ పెట్టకండి, ముఖ్యంగా రిసీవర్ మీద బాక్స్ పెట్టడం, బాక్స్ మీద రిసీవర్ పెట్టడం రెండూ వద్దు. వెనక గాలి పోయే దారి ఉండాలి. వేడికి హార్డ్ డిస్క్ పాడైతే రికార్డింగ్‌లన్నీ దాంతోపాటే పోతాయి.

స్మార్ట్ ప్లగ్ ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి, దయచేసి. కరెంట్ తీసి పెడితే బాక్స్ మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది, నిమిషాలు పడుతుంది, ప్రోగ్రామ్ గైడ్ మళ్లీ దింపుకోవాలి. ఈలోగా మీరు పెట్టుకున్న రికార్డింగ్ టైమ్ వస్తే అది పోయినట్టే. డిస్క్ మీద రాస్తుండగా కరెంట్ ఆగితే ఆ రికార్డింగ్ కూడా చెడిపోవచ్చు. అంతా అయ్యాక బాక్స్ బూట్ అయి ఆన్‌లోకి వస్తుందా స్టాండ్‌బైలోకి వస్తుందా అన్నది మళ్లీ మోడల్‌ని బట్టి మారుతుంది, అంటే మొదటి సమస్య అలాగే ఉంటుంది.

---

ఐఆర్_సాధకుడు:

నిదానం గారూ, ప్లగ్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ "ఎప్పుడూ ఆన్"లో కూడా మాక్రోలోంచి లేపే బటన్ తీయకూడదు. అప్‌డేట్ వచ్చి బాక్స్ అర్ధరాత్రి తనంతట తానే రీస్టార్ట్ అయిందనుకోండి, పొద్దున్నకి స్టాండ్‌బైలో ఉంటుంది. ఎవరో అసలు రిమోట్ మీద పవర్ నొక్కారనుకోండి, అంతే. ఆన్ మాక్రోలో ఎగ్జిట్ ఒక్కటి ఉంటే ఖర్చేమీ లేదు, ఇలాంటివన్నీ అదే సర్దేస్తుంది. ఆఫ్ చేయాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది.

---

రాక్‌వైరింగ్:

నేను ఇలాంటి సిస్టమ్‌లు బిగించే పనిలోనే ఉన్నాను. పై ఇద్దరూ చెప్పనిది సెన్సర్ల సంగతి. కొన్ని బాక్సుల్లో పవర్ తప్ప ఏ బటనూ లేపదు, ఆటో స్టాండ్‌బై ఆపడానికి ఆప్షన్ కూడా ఉండదు. అలాంటప్పుడు బాక్స్ నిజంగా ఏ స్థితిలో ఉందో కొలిచి చూడడం ఒక్కటే మార్గం. రిమోట్ వెనక నడిచే కంట్రోలర్‌లో ఒక షరతు రాస్తాం: సెన్సర్ ఆఫ్ అని చెబితేనే పవర్ కోడ్ పంపు, లేకపోతే వదిలేయ్. ఆర్‌టీఐ, క్రెస్ట్రాన్, కంట్రోల్4, యూనివర్సల్ రిమోట్ కంట్రోల్ లాంటి కంపెనీల కంట్రోల్ సిస్టమ్‌లలో దీనికి ఏర్పాటు ఉంటుంది, పాత రోజుల్లో ఫిలిప్స్ ప్రోంటో రిమోట్‌కి తోడుగా వచ్చిన ఆర్‌ఎఫ్‌ఎక్స్9600 ఎక్స్‌టెండర్‌లో కూడా పవర్ సెన్స్ ఇన్‌పుట్లు ఉండేవి. మీ రిమోట్‌తో వచ్చిన బేస్ స్టేషన్ (రిమోట్ మాట విని ఎమిటర్లకి కోడ్ పంపే పెట్టె) వెనక సెన్సర్ అని రాసిన పోర్ట్ ఏదైనా ఉందేమో చూడండి.

ఏ సెన్సర్ పెట్టాలన్నది బాక్స్‌ని బట్టి ఉంటుంది, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. కరెంట్ సెన్సర్ అంటే తీగలో ఎంత కరెంట్ పోతోందో చూసేది. ప్రొజెక్టర్‌కీ యాంప్లిఫయర్‌కీ అది చక్కగా పనిచేస్తుంది ఎందుకంటే వాటిలో ఆన్‌కీ ఆఫ్‌కీ తేడా చాలా ఎక్కువ. రికార్డింగ్ బాక్స్‌కి పనికిరాదు, నిదానం గారు చెప్పిన కారణమే, తేడా దాదాపు ఉండదు. ఆ ఉన్న కాస్త తేడా కూడా డిస్క్ ఎప్పుడు ఎంత పని చేస్తోందన్నదాంట్లో కలిసిపోతుంది.

వీడియో సెన్సర్ బాక్స్ వెనక పసుపు రంగు కాంపోజిట్ అవుట్‌పుట్‌కి తగిలిస్తాం, బొమ్మ వస్తుంటే ఆన్, రాకపోతే ఆఫ్ అని చెబుతుంది. పాత బాక్సులకి ఇది చాలా మంచి పరిష్కారం. కానీ కొన్ని బాక్సులు స్టాండ్‌బైలో కూడా నల్లటి బొమ్మ పంపుతూనే ఉంటాయి, సింక్ సంకేతం అలాగే ఉంటుంది కాబట్టి సెన్సర్ దాన్ని ఆన్ అనే అనుకుంటుంది. కొన్ని హెచ్‌డీఎంఐ తగిలించగానే కాంపోజిట్‌ని ఆపేస్తాయి. కొత్త బాక్సుల్లో ఆ పోర్టే ఉండదు. కొనే ముందు ఒక మామూలు టీవీని ఆ పోర్ట్‌కి తగిలించి బాక్స్ ఆఫ్ చేసి చూడండి, "నో సిగ్నల్" అని వస్తే సెన్సర్ పనిచేస్తుంది, ఖాళీ నల్లతెర వస్తే అనుమానమే.

నాకు ఎక్కువగా నచ్చేది వోల్టేజ్ సెన్సర్. బాక్స్ వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉంటే మల్టీమీటర్‌తో చూడండి, ఆన్‌లో 5 వోల్టులు వచ్చి ఆఫ్‌లో సున్నా అయితే మీరు అదృష్టవంతులు, అంతకంటే నమ్మకమైన సూచిక దొరకదు. ఆఫ్ చేసిన వెంటనే కాకుండా కాసేపటి తర్వాత కూడా కొలవండి, కొన్ని ఆలస్యంగా ఆపుతాయి. మరీ పాత కేబుల్ బాక్సుల్లో అయితే వెనక టీవీ ప్లగ్ పెట్టుకోవడానికి పవర్ సాకెట్టే ఉండేది, బాక్స్ ఆన్ అయితేనే అందులో కరెంట్ వచ్చేలా పెట్టుకోవచ్చు, అందులో చిన్న అడాప్టర్ పెట్టి దాని వోల్టేజ్‌ని సెన్సర్‌కి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ సాకెట్లు కనిపించవు.

ముందు దీపం మీద అంటించే లైట్ సెన్సర్ కూడా ఉంది కానీ ఆఫ్‌లో కూడా గడియారం చూపించే బాక్స్‌కి అది పనికిరాదు.

ఒక జాగ్రత్త, సెన్సర్ పెట్టినా విరామాలు తప్పవు. పవర్ పంపాక వెంటనే సెన్సర్‌ని చదివితే పాత స్థితే చూపిస్తుంది. బాక్స్‌కి కావలసినంత సేపు ఆగి, చదివి, ఇంకా ఆఫ్ అంటే అప్పుడు మళ్లీ పంపాలి.

---

లాజిక్‌పెట్టె:

ఇక్కడ హెచ్‌డీఎంఐ సీఈసీ గురించి ఎవరూ అనలేదు, తెరవెలుగు గారి సమస్యలో సగం అదే అయి ఉండొచ్చు. సీఈసీ అంటే హెచ్‌డీఎంఐ తీగలో 13వ పిన్ మీద పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వ్యవస్థ. ఒక పరికరం ఆఫ్ అవుతూ "అందరూ స్టాండ్‌బైలోకి వెళ్లండి" అని చెప్పొచ్చు, విన్నవన్నీ ఆగిపోతాయి. మీ "అన్నీ ఆఫ్" మాక్రోలో ముందు ప్రొజెక్టర్ ఆగిందనుకోండి, అది సీఈసీలో ఆ మాట చెప్పింది, బాక్స్ విని పడుకుంది. ఆ వెంటనే మీ మాక్రో పంపిన పవర్ టాగిల్ వచ్చి దాన్ని మళ్లీ లేపింది. అసలు రిమోట్ ఎవరూ ముట్టకపోయినా లెక్క తారుమారు కావడానికి ఇది చాలు. రాత్రంతా బాక్స్ ఒక్కటే నడుస్తోంది అన్నారు కదా, అది చదవగానే నాకు దీని మీదే అనుమానం వచ్చింది.

అందుకని ముందు ఒక నిర్ణయానికి రండి. పవర్‌ని సీఈసీ చూసుకోవాలా, మాక్రో చూసుకోవాలా? రెండూ చూసుకుంటే ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకున్నట్టే. ఐఆర్‌తో చేయాలనుకుంటే బాక్స్‌లో, రిసీవర్‌లో, ప్రొజెక్టర్‌లో సీఈసీ ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది, శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, మెనూలో సీఈసీ అన్న మాట కనిపించకపోవచ్చు. ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోంచే వెనక్కి రిసీవర్‌కి పంపేది) వాడుతుంటే మాత్రం పూర్తిగా ఆపడం కుదరకపోవచ్చు, అప్పుడు పవర్‌కి సంబంధించిన ఆప్షన్ విడిగా ఉందేమో చూసి అదొక్కటి ఆపండి.

దీన్నే మేలుకి కూడా వాడుకోవచ్చు. సీఈసీలో ఒక పరికరాన్ని "నువ్వు ఏ స్థితిలో ఉన్నావు" అని అడిగే సందేశం ఉంది. జవాబుగా ఆన్, స్టాండ్‌బై, లేస్తున్నాను, పడుకుంటున్నాను అనే నాలుగింటిలో ఒకటి వస్తుంది. ఐఆర్‌లో లేనిది సరిగ్గా ఇదే. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌ని రిసీవర్‌లో ఖాళీ ఉన్న హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి తగిలించి బాక్స్‌ని అడిగి చూడొచ్చు. కానీ చాలా కేబుల్ బాక్సులు సీఈసీని అరకొరగానే పాటిస్తాయి, అడిగితే జవాబివ్వనివి కూడా ఉంటాయి, కాబట్టి ముందు పరీక్షించాకే నమ్మండి.

మీది ఆండ్రాయిడ్ టీవీ మీద నడిచే బాక్స్ అయితే కథ వేరు. ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్ కీకోడ్ 26, అది టాగిల్. కానీ నిద్రపుచ్చడానికి 223, లేపడానికి 224 అని విడివిడిగా ఉన్నాయి. బాక్స్‌లో డెవలపర్ ఆప్షన్స్‌కి వెళ్లి నెట్‌వర్క్ డీబగ్గింగ్ ఆన్ చేసే వీలుంటే ఇంటి పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వీటిని నేరుగా పంపొచ్చు, నిద్రలో ఉందా లేదా అని అడిగి కూడా తెలుసుకోవచ్చు. కేబుల్ కంపెనీలు ఇచ్చే బాక్సుల్లో ఆ ఆప్షన్లు మూసేసి ఉండే అవకాశం ఎక్కువే, అయినా చూడడానికి ఒక నిమిషం చాలు.

---

తెరవెలుగు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. చెప్పినవి ఒక్కోటీ చేసి చూశాను.

మాది ఆండ్రాయిడ్ కాదు. యూఎస్‌బీలో ఆఫ్ చేసినా 5 వోల్టులు వస్తూనే ఉన్నాయి, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. సీఈసీ అనుమానం మాత్రం నిజమే, బాక్స్‌లోనూ రిసీవర్‌లోనూ ఆన్‌లో ఉంది. రెండింట్లోనూ ఆపేశాను. ఎగ్జిట్‌కి బాక్స్ లేవట్లేదు. ఓకేకి, అంకెలకి లేస్తోంది. ఓకే వాడదామంటే ఆన్‌లో ఉన్నప్పుడు ఓకే నొక్కితే చానల్ జాబితా వస్తోంది, అందుకని సున్నా తర్వాత ఎగ్జిట్ అన్న సలహానే తీసుకున్నాను. ఆన్ మాక్రో ఇప్పుడు ప్రతిసారీ సరిగ్గా పనిచేస్తోంది.

ఆఫ్‌లో ఇంకో చిక్కు వచ్చింది. సున్నా, విరామం, పవర్ అని పెట్టాను. విరామం చాలినంత ఉంది, దాంట్లో అనుమానం లేదు. అయినా అప్పుడప్పుడు బాక్స్ ఆఫ్ అయినట్టే అయి వెంటనే మళ్లీ లేస్తోంది. పవర్ కోడ్‌ని అసలు రిమోట్ నుంచి నేర్పించాను. ఎందుకిలా అవుతోంది?

---

ఐఆర్_సాధకుడు:

సున్నా పనిచేసింది, సంతోషం. ఆఫ్ అయి మళ్లీ లేవడం అంటే దాదాపుగా పవర్ కోడ్ రెండుసార్లు అందుతోందన్నమాట. నేర్పించేటప్పుడు అసలు రిమోట్ బటన్ కాస్త ఎక్కువసేపు నొక్కి పట్టుకుని ఉంటారు, అప్పుడు ఆ కోడ్ ఒకసారి కాకుండా వరసగా కొన్నిసార్లు రికార్డ్ అవుతుంది. మీ రిమోట్ ఎడిటర్‌లో ఆ కోడ్ తెరిచి రిపీట్ సంఖ్య ఎంతుందో చూడండి, లేదా బటన్ హోల్డ్ సమయం ఉంటే తగ్గించండి. మరీ ఒకటికి తగ్గిస్తే కొన్ని బాక్సులు గుర్తించవు కాబట్టి తగ్గిస్తూ పోయి, నమ్మకంగా పట్టే కనిష్ఠ సంఖ్య దగ్గర ఆపండి. కుదిరితే నేర్పించిన కోడ్ వదిలేసి మీ రిమోట్ డేటాబేస్‌లో ఆ బాక్స్ బ్రాండ్ కింద ఉన్న కోడ్ వాడండి, అది శుభ్రంగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చూడండి. ఫిలిప్స్ తయారుచేసిన ఆర్‌సీ5, ఆర్‌సీ6 పద్ధతుల్లో ప్రతి కోడ్‌లో ఒక బిట్ ఉంటుంది, బటన్ వదిలి మళ్లీ నొక్కిన ప్రతిసారీ అది మారుతుంది. బటన్ పట్టుకునే ఉన్నారా, కొత్తగా నొక్కారా అన్నది బాక్స్‌కి తెలిసేది దాంతోనే. నేర్పించిన కోడ్‌లో ఆ బిట్ గడ్డకట్టినట్టు ఒకేలా ఉండిపోతుంది. అందువల్ల ఒకే అంకె వెంటవెంటనే రెండుసార్లు పంపితే బాక్స్ ఒకటే అనుకుంటుంది. చానల్ నంబర్లు మాక్రోలో పెట్టినప్పుడు 22 అని పంపితే 2 మాత్రమే పడుతుంటే కారణం ఇదే, డేటాబేస్ కోడ్ వాడితే అదీ పోతుంది.

---

రాక్‌వైరింగ్:

ఇంకొకటి చూడండి. క్యాబినెట్ తలుపు తీసి ఉన్నప్పుడు మీ చేతిలోని రిమోట్ నుంచి నేరుగా వచ్చే ఐఆర్, బాక్స్ మీద అంటించిన ఎమిటర్ నుంచి వచ్చే ఐఆర్ రెండూ బాక్స్‌ని తాకుతాయి. రెండింటికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది, దాంతో బాక్స్‌కి ఒకటే పవర్ రెండుగా వినిపిస్తుంది. "అప్పుడప్పుడు" అన్నారు కదా, తలుపు తీసి ఉన్నప్పుడే అలా అవుతోందా గమనించండి. అలా అయితే రిమోట్‌లో నేరుగా ఐఆర్ పంపడం ఆపేసి ఆర్‌ఎఫ్ (రేడియో సంకేతం) ద్వారా బేస్ స్టేషన్‌కి మాత్రమే పంపేలా పెట్టండి. ఎమిటర్ మీద నల్ల టేప్ వేస్తే పక్క పరికరాలకి కోడ్ కారడం కూడా ఆగుతుంది.

ఆన్ మాక్రోలో వరస గురించి కూడా చెప్పాలి. ముందు ప్రొజెక్టర్, తర్వాత రిసీవర్, దాని ఇన్‌పుట్, చివరన బాక్స్‌ని లేపడం. ప్రొజెక్టర్ వేడెక్కేలోపు బాక్స్ ఎలాగూ లేస్తుంది. తిరగేసి చేస్తే బాక్స్ లేచేసరికి అటువైపు తెర ఉండదు, హెచ్‌డీసీపీ (కాపీ కాకుండా కాపాడే రక్షణ) అంటూ ఒక హెచ్చరిక చూపిస్తుంది లేదా తక్కువ రిజల్యూషన్‌లో బొమ్మ ఇస్తుంది. మీరు బాక్స్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలనుకుంటే ప్రొజెక్టర్ సిద్ధమయ్యాక రిసీవర్ ఇన్‌పుట్‌ని ఒకసారి బ్లూరేకి మార్చి మళ్లీ కేబుల్‌కి తెచ్చేలా మాక్రో చివర రాయండి, చాలావరకు దాంతో బాక్సూ ప్రొజెక్టరూ మళ్లీ పలకరించుకుని బొమ్మ సరిగ్గా వస్తుంది.

---

తెరవెలుగు:

తలుపే! మూసి ఉంచి నొక్కితే ఒక్కసారి కూడా తప్పలేదు, తీసి నొక్కితే లేస్తోంది. రిమోట్‌లో నేరుగా ఐఆర్ పంపడం ఆపేశాను, ఇప్పుడు తలుపు ఎలా ఉన్నా ఫర్వాలేదు. రిపీట్ సంఖ్య కూడా తగ్గించాను, పట్టుకుంటోంది.

వాట్ మీటర్ పెట్టి చూస్తే ఆన్‌కీ ఆఫ్‌కీ తేడా దాదాపు లేదు, నిదానం గారు చెప్పినట్టే. కాబట్టి రోజువారీ "అన్నీ ఆఫ్"లో బాక్స్‌ని ముట్టుకోకుండా వదిలేశాను. ఊరెళ్లేటప్పుడు వాడుకోవడానికి సున్నా, విరామం, పవర్ ఉన్న మాక్రోని రెండో పేజీలో వేరే బటన్ కింద పెట్టాను. రికార్డింగ్ టైమ్ వస్తే ఆఫ్‌లో ఉన్నా అది తీసుకుంటోంది, పరీక్షించాను.

---

నిదానం:

మంచి పని చేశారు. ఆ రెండో పేజీలోనే పవర్ కోడ్ ఒక్కటి విడిగా ఇంకో బటన్ మీద పెట్టుకోండి, బాక్స్ ఎప్పుడైనా బిగుసుకుపోతే క్యాబినెట్ తెరవకుండా అక్కడి నుంచే నొక్కి చూడొచ్చు. బాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆటో స్టాండ్‌బై మళ్లీ ఆన్ అయిందేమో, సున్నాకి ఇంకా లేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.